మలుపు రాళ్ళకు బొట్టు పెట్టిన రోజు

పెనుకొండ దాటి హిందూపురం వైపు వచ్చే రోడ్డు మా అత్తగారి ఊరి దగ్గర ఒక దిబ్బను చుట్టుకుని ఒక్కసారిగా కిందికి దిగేది. ఇళ్ళన్నీ రోడ్డుకు ఒక పక్క, మంచినీళ్ళ బావి ఇంకో పక్క. దిబ్బ అడ్డం కావడంతో పై నుంచి వచ్చే లారీ మీదికి వచ్చేదాకా కనిపించదు. చెవులు బాగుంటే చప్పుడు విని ఆగవచ్చు. మా అత్తకు ఒక చెవి బొత్తిగా వినపడదు, రెండోది ఆమెకు ఇష్టమైనప్పుడే వినపడేది. రోజుకు ఆరు బిందెలు ఆమే మోసేది, నన్ను పోనిచ్చేది కాదు. "నువ్వు పోతే ఆడోళ్ళతో మాట్లాడుకుంటా ఆన్నే నిలబడతావు" అనేది. అసలు సంగతేమిటంటే, ఆ మాటలు తను మాట్లాడుకోవాలి.

నేను కోడలిగా వచ్చేనాటికే ఆ మలుపు రెండెద్దులనూ ఒక బండినీ మింగింది. మనుషులు ఇంకా పోలేదు. పోతే మొదట మా అత్తే పోతుందని మా ఆయన భయం. ఆయన తల్లి నీళ్ళకు వెళ్ళినంతసేపూ అరుగు మీద కూర్చుని రోడ్డు వైపే చూసేవాడు, కానీ అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

సమితి, బ్లాకు అనే మాటలు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న కాలం. ఊరు సగం భరిస్తే సర్కారు సగం గ్రాంటు ఇస్తుందనీ, మన సగం దుడ్లే కానక్కర్లేదు, రాళ్ళూ రెక్కల కష్టమూ కూడా చెల్లుతాయనీ చెప్పారు. మలుపు బాగు చేయించుకోవడానికి అర్జీ పెట్టాలని ఊరంతా అనుకున్నారు. రాసేదెవరు? నేను పుట్టింటివాళ్ళు హిందూపురంలో ఉంచితే ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని. "మా ఇంట్లోనే రాసే మనిషి ఉండాది" అని మా ఆయన నలుగురిలో అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇప్పటికీ ఆ పొంగు తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

అర్జీ అందాక ఓవర్సీరు వచ్చాడు. ధర్మవరం నేతపని వాళ్ళ ఇంటివాడు, మగ్గం గుంటలోంచి లేచి సర్కారు ఉద్యోగంలోకి వచ్చిన మొదటివాడినని తనే చెప్పుకునేవాడు. మనిషి మెత్తన. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే సంగటి, ఉలవచారు. మా అత్త ఆయన పక్కన కూర్చుని ముద్ద మీద ముద్ద వేసేది. సొంత అన్నలెవరూ లేనిదాన్ని, ఆ పిలుపుకు పడిపోయాను.

ఆయన టేపు పట్టి కొలిచి పని వివరంగా చెప్పాడు. దిబ్బను సగం తవ్వేస్తే డ్రైవరుకు దూరం నుంచే మనిషి కనిపిస్తుంది. అది గ్రాంటుతో చేసే పని. బావి వైపు రోడ్డు అంచున వరసగా రాళ్ళు నాటితే వాటి వెనకగా ఆడవాళ్ళు నడవవచ్చు. అది మేం చేయాల్సిన పని. ఊరివాళ్ళు ఒక్క మాటయినా ఎదురు చెప్పలేదు. వేరుశనగ కోతలయ్యాక ఇంటికొకరు చొప్పున గుట్ట మీదికి వెళ్ళి ఇరవై రెండు రాళ్ళు కొట్టి, బండ్ల మీద దించారు.

మా వైపు పొలం గెనిమ మీద హద్దురాయి నాటినా, పెళ్ళిపందిరికి గుంజ పాతినా పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టకుండా నాటరు. ఈ రాళ్ళకూ అట్లాగే చేశారు. మొదటి టెంకాయ ఓవర్సీరు చేతికే ఇచ్చారు. ఆయన చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టి మరీ కొట్టాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను కాగితం తెమ్మన్నాడు. "ఊరి జనం ఎంత శ్రద్ధగా చేసినారో పైవాళ్ళకు తెలియాల కదా చెల్లెమ్మా. నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాడు. రాళ్ళు ఎన్ని, ఎవరెవరు పనిచేశారు, అన్నీ చెప్పి చివర ఈ వాక్యం చెప్పాడు: ఈ రాళ్ళకు గ్రామస్థులమంతా పసుపు కుంకుమలతో పూజలు జరుపుకొనుచున్నాము.

"రోడ్డు పనికి పూజ సంగతి యాలన్నా?" అని అడిగాను.

"భక్తి ఉంటే పని నిలబడతాదని మా పెద్దసారు నమ్మకం" అన్నాడు.

రాశాను. ఊరివాళ్ళు వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు. మా అత్త కూడా వేసింది, వేలికంటిన సిరా రెండు రోజులు కడుక్కోలేదు.

నాలుగు నెలలకు కాగితం వచ్చింది. మా అరుగు ముందు ఊరంతా చేరారు. చదవమన్నారు, చదివాను. గ్రామస్థులు స్వయంగా రాసి ఇచ్చిన ప్రకారం అది పూజాస్థలమని తేలింది. రోడ్డు గ్రాంటును పూజాస్థలానికి వాడరాదు. కనుక అర్జీని తోసిపుచ్చడమైనది. నా వాక్యాన్ని అక్షరం మారకుండా అందులో దించారు. 

"ఎవరు రాసిచ్చినారంటమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు. చెవిటితనం కాదు, ఆయనకు బాగానే వినపడింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా బంధువులింట్లో పెళ్ళికి చీరల కోసం ధర్మవరం పోవలసి వచ్చింది. అంగట్లో అడిగి మా ఆయనా నేనూ ఓవర్సీరు ఇంటికి వెళ్ళాం. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. లోపల మగ్గం ఆడుతోంది. ఆయన ఏ మాత్రం కంగారు పడకుండా చాప వేయించి, కాఫీ తెప్పించాడు.

"అడిగిన ఊర్లు రెండు, గ్రాంటు ఒకటే చెల్లెమ్మా. ఒకదాన్ని కొట్టేయాలంటే ఏదో ఒక కారణం కావాల కదా" అన్నాడు.

"మా ఊరినే కొట్టేయాల్నా?"

"ఆ రెండో ఊర్లో పని కంట్రాక్టు మా బావమరిదిది."

ఇంటి మనిషికి ఇంటి కష్టం చెప్పుకున్నట్టు చెప్పాడు. చెల్లెలిని కాబట్టి అర్థం చేసుకుంటానని అనుకున్నాడు. నన్ను కాల్చింది అదే. తిట్టినా, అబద్ధమాడినా ఇంత మండేది కాదు. నమ్మించి గొంతు కోసి, నొప్పి కూడా నేనే సర్దుకోవాలన్నాడు. కాఫీ ముట్టకుండా లేచాను. మా ఆయన మాత్రం తాగాడు. బస్సులో వచ్చేటప్పుడు ఒక్క మాటే అడిగాడు: "ఆయప్ప చెప్పినప్పుడు నీకు తెలియలేదా?"

తెలియలేదని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

మరుసటి ఏడు వానలు పడ్డాక, పొద్దున పూట, చింతపండు లోడుతో ఒక లారీ దిబ్బ చాటు నుంచి దిగింది. అత్త రెండో బిందెతో రాళ్ళ పక్క నుంచి రోడ్డు దాటుతోంది. డ్రైవరు ఆమెను చూసి పక్కకు తిప్పాడు. లారీ ఒక రాయిని గుద్దితే ఆ రాయి ఒరిగి ఆమె తుంటి మీద పడింది. ఆడవాళ్ళు రాళ్ళ దేవుడే కాపాడాడన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దిబ్బ తవ్వి ఉంటే డ్రైవరుకు ఆమె అల్లంత దూరంలోనే కనిపించేది. ఏ దేవుడూ అక్కర్లేదు.

హిందూపురం ఆసుపత్రిలో రెండు నెలలున్నాం. ప్రాణం దక్కింది గానీ ఆమె మళ్ళీ నిలబడలేదు. మంచంలో పడుకుని ఇరుగుపొరుగును పిలిచి బావి దగ్గరి కబుర్లు చెప్పించుకునేది. నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్ళు తాగాలనిపిస్తే మాత్రం నన్ను కాకుండా కొడుకును అడిగేది.

ఆమె ఇంటికి వచ్చాక, దిబ్బ తవ్వించమని ఊరు మళ్ళీ అర్జీ పెట్టాలనుకుంది. నేను కాగితం, కలం తీసి అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, నా ముందు నుంచే నడిచి, మూడు మైళ్ళ దూరంలో ఉన్న బడి అయ్యవారి దగ్గరికి వెళ్ళి రాయించుకుని వచ్చాడు. ఆయనకు చదువు రాదు. అందులో ఏముందో చదివి చెప్పమని నన్ను అడగలేదు. మడత విప్పి నాకు చూపకుండానే తల్లి దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె వేలు పట్టుకుని ముద్ర వేయించాడు.