మోకాలి మీద క్యాబేజీ ఆకు

జ్రెన్యానిన్ పట్టణంలో ఓగ్నెన్‌ని కుదురుగా నిలబడి ఉండగా చూసినవాళ్ళు లేరు. పరుగూ బరువులూ కలిపి పెట్టే పందేల పిచ్చి అతనిది. ఇసుక మూట భుజానేసుకుని, మోకాలు నేలకు తగిలేలా అంగలు వేసీ వేసీ ఆ మోకాలే చెడగొట్టుకున్నాడు. ఇప్పుడు పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఒంటికాలి మీదే ఊగుతాడు. "వసంతంలో పందెం ఉందక్కా" అని ఫిజియోథెరపిస్టు దెసాంకను రోజూ బతిమాలతాడు. "మూట ముట్టుకున్నావంటే పందెం మరిచిపో" అంటుందావిడ.

ఆ రోజు ఆవిడ పట్టీ విప్పేసరికి మోకాలి మీద వాడిపోయిన క్యాబేజీ ఆకు కనిపించింది.

"వాపుకి మా బామ్మ కట్టింది" అన్నాడు ఓగ్నెన్.

"నిన్న లేని వాపు ఇవాళెక్కణ్ణించి వచ్చింది?"

"చలికాలానికి ఇంటింటా క్యాబేజీ ఊరేసే రోజులు కదక్కా! మా మేడలో ముసలివాళ్ళందరి క్యాబేజీ బస్తాలూ పైకి మోశా. అది వ్యాయామం కాదుగా, ఇంటిపని!"

"మెట్లు మామూలుగానే ఎక్కావా?"

ఓగ్నెన్ పైకప్పు వంక చూశాడు. "అంగలేసుకుంటూ..."

దెసాంక నోరు నొప్పెట్టేదాకా తిట్టి, కొత్త పట్టీ బిగించింది. తర్వాత తలుపు వంక ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"వసంతం దాకా ఎందుకు నాయనా, బజార్లో క్యాబేజీ ఉండగానే వాపు తగ్గించుకో. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు."