ప్యాకేజీ మీద అత్తగారి ఇంటిపేరు

ఆ రోజుల్లో మా ఏలూరులో కొత్త కోడలు కంప్యూటర్ ఉద్యోగం చేస్తోందంటే చుట్టుపక్కల వాళ్లు ఆమె చేతివేళ్లకేసి కూడా గౌరవంగా చూసేవారు. ఆ వేళ్లు ఎన్ని తప్పులు కొట్టేవో వాళ్లకేం తెలుసు అమ్మలూ. మా ఆఫీసు మేడమీద రెండు గదులు. యజమానిని అందరం సంచి సారు అనేవాళ్లం (భుజాన సంచి లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు). కొల్లేటి వైపు చేపల చెరువులున్న ఒక బాబుగారికి పట్టుబడి బరువులు, అంటే వల వేసి పట్టిన చేపల తూకాలు, చూసుకునే ప్రోగ్రామ్ రాసివ్వాలి. అది ఆయనకి నచ్చితే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

జావాలో రాసిన ఫైళ్లని ఒకదాన్లో ఒకటిగా ఉండే ఫోల్డర్లలో సర్దుతారు. ఆ సర్దుడుకే ప్యాకేజీ అని పేరు. ఇంకెవరి వాటితోనూ కలిసిపోకుండా పేరు పెట్టమ్మా అని చెప్పి సారు తాడేపల్లిగూడెం బస్సెక్కేశారు. కలిసిపోకుండా అంటే నాకు తెలిసింది ఒకటే. పెళ్లిళ్లకి గిన్నెలు ఎరువిచ్చేటప్పుడు మారిపోకుండా ఇంటిపేరు చెక్కిస్తాం కదా. అలాగే ముందు మా అత్తగారి ఇంటిపేరు, చుక్క, మీ నాన్న పేరు, చుక్క, చేపలు అని పెట్టేశాను. (మొగుడి పేరు నోటితో పలకడానికి సిగ్గుపడే రోజులవి. కీబోర్డుకి ఆ పట్టింపు లేదు.)

సారు ఊరినుంచి తిరిగొచ్చిన మర్నాడు గుండుగొలను నుంచి బాబుగారు వచ్చారు. నేనే కొట్టి చూస్తానని కుర్చీ లాక్కుని, బరువు దగ్గర అంకె వేసి, పక్కనే 'పైన కొంచెం' అని కూడా కొట్టారు. అంకెలు తప్ప ఇంకేమీ మింగుడుపడని ప్రోగ్రామ్ అక్కడే చతికిలపడి, తప్పు ఎక్కడెక్కడ జరిగిందో ప్యాకేజీ పేరుతో సహా తెర నిండా వరసలు పరిచింది. ఏ వరస చూసినా మా ఇంటిపేరే, మీ నాన్నే.

బాబుగారు కళ్లజోడు సవరించుకుని నెమ్మదిగా చదివారు.

"ఏవండీ సారూ, ఇది ఎవరింటి సామానండీ? వాడేసింది తెచ్చి నాకు అంటగడుతున్నారా?"

సారు నాకేసి చూశారు, నేను నేలకేసి చూశాను. తర్వాత ఆయనే ఓపిగ్గా పద్ధతి చెప్పారు. ప్రోగ్రామ్ తయారుచేసిన ఆఫీసు వెబ్‌సైటు అడ్రసుని తిరగేసి, చివరి ముక్క ముందుకి తెచ్చి, అన్నీ చిన్నక్షరాల్లో రాయాలిట. ఆ అడ్రసు లోకంలో ఇంకొకరికి ఉండదు గనక పేరూ కలవదు. బాబుగారికి అదీ రుచించలేదు. సరుకు నాదైతే పేరు మీదెందుకు అని లేవబోయారు. నా ఉద్యోగం కూడా ఆయనతోపాటే లేచింది.

"గిన్నె అడుగున చేసినవాళ్ల ముద్ర ఉంటుంది కదండీ. అది మాదండీ," అన్నాను. "పైన కనబడేచోట మీ ఇంటిపేరే చెక్కిస్తామండీ."

ఆయన లేవబోయినవారల్లా ఆగారు. "పెద్దక్షరాల్లోనా?"

"పెద్దక్షరాల్లోనేనండీ."

మళ్లీ కూర్చున్నారు. సాయంత్రానికి బేరం కుదిరింది. నేను వెళ్లేటప్పుడు సారు సంచి సర్దుకుంటూ, "రేపట్నుంచి రోజూ రామ్మా. మీ ఆయన్ని మాత్రం ఇంట్లో ఉంచి రా," అన్నారు.

ఇంటికెళ్లి మీ నాన్నతో, నా ఉద్యోగం నిలబడింది గానీ మీది పోయిందండీ అని చెప్పాను. ఆయనకి అర్థమయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. ఇప్పుడు మీరు ఫోన్లో మీ ఆఫీసు కబుర్లు చెబుతుంటే అప్పటి ఆ కొత్త కోడలు పిల్ల గుర్తొస్తుంది. మొదటి ఉద్యోగానికి ఒక్కతే వెళ్లడానికి భయమేసి కాబోలు, అత్తింటివాళ్లనందర్నీ వెంటబెట్టుకెళ్లింది పాపం.