కాచని డప్పు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాట మీద ఉంది మా ఊరు. ఆ ఊళ్లో దండోరా వేసేవాడు మైసన్న. ఎవరి కొట్టంలో ఎడ్లు గడ్డి నములుతున్నా నాకు ఆయనే గుర్తొస్తాడు. ముసలిదాన్నయ్యాను, చాలా పేర్లు మరిచిపోయాను. ఈ పేరు మరిచిపోతే మాత్రం నాకు పుట్టగతులుండవు.

మైసన్నది మాదిగవాడ. ఎండిన కందికట్టెలా పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ, ఆయన తరఫున డప్పే మాట్లాడేది. సిస్తు కట్టమన్నా, కాలువ పూడిక తీయడానికి రమ్మన్నా, పోచమ్మ బోనాలు ఫలానా నాడన్నా, సర్కారు మాటైనా ఊరి మాటైనా ఆయన చేతి మీదుగానే ఇంటింటికీ చేరేది. ఆ పనిలో ఆయనకొక పట్టుదల ఉండేది. డప్పు కాచనిదే దెబ్బ వేసేవాడు కాదు. చంకలో ఇంత గడ్డి పెట్టుకొని వచ్చి, వీధి మలుపులో అంటించి, ఆ సెగకు తోలును తిప్పి తిప్పి, బిర్రెక్కాక వేలితో మీటి చూసి అప్పుడు లేచేవాడు. చేలో వంగి కలుపు తీసేవాళ్లకు కూడా వినపడేది. పెండ్లికూతురికి కూడా అంత ముస్తాబు ఉండదని మా ఆయన బాలయ్య విసుక్కునేవాడు.

మా ఆయన సంగతీ చెప్పాలి. మనసు మంచిదే, నోరే అదుపులో ఉండేది కాదు. తనకంటే వయసులో ఎంతో పెద్దవాడైన మైసన్నను 'మైసిగా' అని పిలిచేవాడు. కళ్లంలో మైసన్న వంతు గింజలు చేయి తగలకుండా పైనుంచి జారవిడిచేవాడు. ఊరంతా అట్లాగే చేసేది. ఊరంతా చేస్తే తప్పు ఒప్పవుతుందా?

నిజాంసాగర్ కట్ట పూర్తయిన మరుసటి ఏడు, ఎక్కడో సముద్రాల అవతల బేరాలు కూలిపోయాయన్నారు. ఆ దేశాలెక్కడున్నాయో మాకు తెలియదు గానీ, కూలింది మాత్రం మా నెత్తినే. మా ఆయన పల్లికాయ బండి కట్టుకొని కామారెడ్డి గంజ్ బజారుకు పోయి, అడిగేవాడు లేక అదే బండి వెనక్కి తోలుకొచ్చాడు. ఇంట్లో గింజలున్నాయి, చేతిలో పైసా లేదు. ధరలు సగానికి పడ్డాయి, సిస్తు మాత్రం మంచి రోజుల్లో కట్టిన సిస్తే. నా కాళ్ల కడియాలు పోయాయి, ఇత్తడి కాగు పోయింది. అయినా బాకీ తీరలేదు. మృగశిర కార్తెలో ఎల్లారెడ్డి నుంచి సిస్తు వసూళ్లు చూసే గిర్దావరు వచ్చి మా ఎడ్ల జతను జప్తు చేశాడు. మర్నాడు చావడి దగ్గర హర్రాజు వేసి వేలంలో అమ్ముతామని, అందాకా ఎడ్లు మా కొట్టంలోనే ఉండవచ్చని చెప్పాడు.

సర్కారు కూడా ఎండిపోయి ఉందేమో. ఆ గిర్దావరు కోటుకు మోచేతుల దగ్గర అతుకులున్నాయి. జీతంలో కోత పడిందని ఆయన పట్వారీతో చెప్పుకుంటుంటే విన్నాను. తిట్టుకుందామన్నా ఆ అతుకులే కళ్ల ముందుకొచ్చాయి.

తొలకరి మొదలైంది. ఎడ్లు పోతే దుక్కి లేదు, విత్తు లేదు. ఆ తర్వాత మేము ఇంకొకరి చేలో కూలికి పోవలసిందే. మా ఆయన కొట్టంలో ఎడ్ల మెడలు నిమురుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

హర్రాజుకు ఒక కానూను ఉండేది. ముందురోజు మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేసి అందరికీ వినిపించాలి. వినిపించకపోతే హర్రాజు చెల్లదు. చితికిన ఇండ్లలో ఎడ్లు కారుచౌకగా దొరుకుతాయని జుక్కల్ వైపు బేరగాండ్లు ఆ రోజుల్లో ఊరూరా తిరిగేవాళ్లు. దండోరా వాళ్ల చెవిన పడితే చాలు, మా పని అయిపోయినట్టే.

సాయంత్రం ముసురులో మైసన్న మా వీధికి వచ్చాడు. చంకలో గడ్డి లేదు. డప్పు మీద పుల్ల పడుతుంటే తడిసిన గోనెసంచిని బాదినట్టుంది. ఎప్పుడూ ఊరు దద్దరిల్లేలా వేసే కేక ఆ పూట గొంతు దాటడం లేదు. గడపలో నిలబడ్డ నాకే సగం మాటలు వినపడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

మా ఆయన బయటికొచ్చాడు. దుఃఖం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా, మైసన్న దొరికాడు. అదేం కొట్టుడని, డప్పు కాచుకోవాలని తెలియదా అని, మా కొట్టంలో గడ్డి ఉంది తీసుకుపొమ్మని గద్దించాడు. తన ఎడ్లను అమ్మే దండోరాకు తనే గడ్డి ఇస్తానన్న తెలివైనవాణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు.

మైసన్న డప్పు దించి కొట్టం వైపు చూశాడు.

"వద్దు పటేలా. గడ్డి ఎడ్లకే ఉంచు. రేపు గూడ తినాలె గద అవి."

అట్లా అని, మళ్లీ ఆ చచ్చు దెబ్బే వేసుకుంటూ పక్క ఊరి దారి పట్టాడు. మా ఆయన ఇంకా ఏదో గద్దించబోయాడు. నాకు అర్థమైంది. ఆయన ఇంకో మాట అనకముందే రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చాను.

మర్నాడు గిర్దావరు చావడి అరుగు మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. వేలంపాట పాడేవాడు ఒక్కడూ రాలేదు. అడిగితే ఊరివాళ్లు తమకేమీ వినపడలేదన్నారు, అది నిజమే. మైసన్నను పిలిచి, దండోరా వేశావా లేదా అని నిలదీశాడు.

"ఏసిన సర్కార్. అన్ని ఊర్లు తిరిగిన. వానకు తోలు నానింది. నానిన తోలు పలుకదు."

అందులోనూ అబద్ధం లేదు. గిర్దావరు డప్పును వేలితో నొక్కి చూసి హర్రాజు వాయిదా వేశాడు. సర్కారు పని చెడగొట్టినందుకు మైసన్నను దండోరా నుంచి తీసేశాడు. ఆ పని మీద వచ్చే గింజలే వాళ్లింటికి ఆధారం. ఆయన భార్య హన్మవ్వ ఆ వానాకాలమంతా అడవిలో గడ్డలు తవ్వుకొచ్చి పిల్లల కడుపు నింపింది. నేను చాటుగా జొన్నలు పంపితే, మీకే లేవు కదా అని సగం తిప్పి పంపేది. ఆ సగం గింజలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు కండ్లలో నీళ్లు తిరిగేవి.

కొత్త తేదీ పడకముందే హుకుం వచ్చింది. ఆ ఏటి సిస్తులో కొంత మాఫీ, మిగిలింది పంట చేతికొచ్చాక కట్టమన్నారు. మా ఎడ్లు దున్నాయి, జొన్న విత్తాం, మనుషులుగా మిగిలాం. కళ్లంలో తొలి చాట మైసన్నకే పోశాడు మా ఆయన. అయితే పోసింది పైనుంచే. రుణం ఆయన మనసులో ఉంది గానీ చేతిదాకా దిగడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

తర్వాత మైసన్నకు దండోరా పని మళ్లీ దక్కింది. ఆ సాయంత్రం మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి నేనే అడిగితే నవ్వి, అంతా వాన చేసిన పని అన్నాడు.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఊరు ముసురు పట్టి ఉండగా మైసన్న పోయాడు. సాగనంపడానికి డప్పులవాళ్లు వచ్చారు గానీ, వాడలో పొడి గడ్డిపోచ లేదు. డప్పులు పలకడం లేదు. బతుకంతా ఊరికి వినిపించిన మనిషిని చప్పుడు లేకుండా తీసుకుపోవలసి వస్తున్నదని హన్మవ్వ ఏడుస్తున్నదని కబురు తెలిసింది.

మా ఆయన లేచాడు. కొట్టం అటక మీద ఎడ్లకని దాచిన ఎండుగడ్డి మోపు దించి, పైన గోనెపట్టా కప్పి నెత్తికెత్తుకున్నాడు. బుద్ధెరిగాక ఆ వాడలో అడుగుపెట్టని మనిషి. నేను వెనకాలే పోయాను. మమ్మల్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఆయన చూరు కింద గొంతుక్కూర్చొని గడ్డి అంటించాడు. మైసన్న డప్పు అడిగి తీసుకొని, రెండు చేతులా పట్టుకొని సెగకు తిప్పసాగాడు. చేతకాక ఒక అంచు మాడ్చాడు కూడా. హన్మవ్వ కండ్లు తుడుచుకొని, ఇంకాస్త ఎత్తు పట్టమని చెప్పింది. ఆయన ఎత్తి పట్టాడు. తోలు బిర్రెక్కాక వేలితో మీటి చూశాడు.

"మైసన్నా," అన్నాడు. ఆ నోటి నుంచి అన్నా అనే పిలుపు నేను వినడం అదే మొదటిసారి. "ఎడ్లు తినంగ మిగిలిన గడ్డే ఇది. వాటికి తక్కువ చెయ్యలే."

ఆ పూట డప్పు పక్క ఊరి దాకా వినిపించింది.