ఎడమ వైపు ముడి

మా మామ పిల్లప్ప ఆదివారం ఉదయం కూర్చుని తినగా నేను చూడలేదు. రాగిముద్ద చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి మింగేవాడు.

"ఆ బజారు యాడికీ పారిపోదు, కూచో అప్పా" అనేది అంజినమ్మత్త.

"బజారు పోదే, దాంట్లో ఉండేది పోతాది" అంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చేవాడు. వెనకే నేను. కబ్బన్‌పేట సందుల్లోంచి అవెన్యూ రోడ్డు దాకా ఆయన పోయే పోకను నడక అనలేం, పరుగు అనలేం.

మిగిలిన ఆరు రోజులూ ఇంకొకరి షెడ్డులో మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ఆదివారం పాత జపాన్ ట్రాన్సిస్టర్ రేడియోలు వెతికేవాడు. 1983 నాటికి ఇంట్లో పంతొమ్మిది చేరాయి. పై అరలో పదకొండు అసలువి, కింది అరలో ఎనిమిది నకళ్ళు. నకళ్ళను కూడా పారేసేవాడు కాదు. "ఇవి నేను చదివిన పుస్తకాలురా" అనేవాడు, ఫుట్‌పాత్ మీద కొన్న నా పాత పుస్తకాల కట్టను ఓరగా చూస్తూ. ఎనిమిదో తరగతితో బడి మానేసి, అదే షెడ్డులో దారం కండెలు చుట్టే పద్దెనిమిదేళ్ళ నాకు ఆ చూపు ముల్లులా గుచ్చుకునేది.

నకళ్ళు హాంకాంగ్ నుంచి వచ్చేవి కావు. మా పేట వెనక రేకుల షెడ్లలోనే పుట్టేవి. పైన ఎనిమిది ట్రాన్సిస్టర్లని రాసి, లోపల ఆరింటికే తీగలు కలిపి, మిగిలిన రెండూ లెక్క కోసం ఊరికే అతికించేవాళ్ళు. అవన్నీ పరీక్షించే ఓపిక మామకు లేదు. వెనక మూత విప్పి, డయల్ మీద ముల్లును అటూ ఇటూ లాగే సన్నని తాడును చూసేవాడు. జపాన్‌వాళ్ళ తాడు నైలాన్. మా షెడ్లవాళ్ళది మగ్గాల కింద ఊరికే దొరికే పట్టుపోగు, దానికి తెగిన పడుగును అతికే నేతముడి. పట్టు కనబడితే నకలు. అంతే. మగ్గాల షెడ్డు యజమానికి ఆయన "ఏయ్, మూడో మగ్గం". బజారులో మాత్రం పిల్లప్పన్న. ఆయన "కాదు" అన్న సెట్టును ఎవరూ కొనేవాళ్ళు కాదు.

ఇంత వెతుకులాటా ఒక సెట్టు కోసం. 1961లో బసవనగుడిలో ఒక ఇంటికి పెళ్ళిచీర ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, వరండాలో ఒక ముసలాయన అరచేతిలో దాన్ని చూశాడు. దంతం రంగు, అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత. దాని మీద 'కిరినామి' అని ఇంగ్లీషు అక్షరాలు. "తీగ లేదు, గోడ లేదు. మనిషి చేతిలో పాడతా ఉండిందిరా" అని నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. ఇరవై రెండేళ్ళుగా అది మళ్ళీ కనబడలేదు.

ఆ మార్చిలో కనబడింది. పాత సామాన్లమ్మే ఓబళప్ప గోనెపట్టా మీద, తుప్పు తాళాల పక్కన. ముందు చూసింది నేనే.

"మామా, కిరినామి!"

మామ దాన్ని లాక్కున్నాడు. మూత విప్పాడు. ఒక్క క్షణం చూశాడు. అంతే, ముఖం గోడలా అయిపోయింది.

"పట్టుపోగు."

"రవ్వంత సరిగా చూడన్నా" అన్నాడు ఓబళప్ప.

"ఏం చూసేది? మన పేటలో పుట్టిండాది ఇది. జపాన్‌లో నేతముడి ఎవడేస్తాడప్పా, మీ తాతనా?" చుట్టూ నలుగురు నవ్వారు. నేను ఇంకా దాన్నే చూస్తున్నానని మామ గమనించాడు. "వీడు చూడండి. గాడిద మోతంత పుస్తకాలు చదివినాడు. జరీ ఏదో ఇత్తడి ఏదో తెలీదు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. మామ ముందుకు వెళ్ళాక, జేబులో ఉన్నదంతా ఓబళప్ప చేతిలో పెట్టి ఆ సెట్టు కొన్నాను. నచ్చి కాదు, కసితో.

ఇంట్లో నా పాత పత్రికల్లో ఒకటి రేడియోలది. దానిలోని పటాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క తీగనూ వేలితో తడుముకుంటూ వెళ్ళాను. ఆరు ట్రాన్సిస్టర్లు, ఆరింటికీ పని ఉంది. లోపలి రేకు మీద జపాన్ అక్షరాల ముద్ర. తాడు తప్ప అన్నీ అసలే. మరి ఆ తాడు ఎవరిది? దాని కొస ఎడమకు తిరిగి ఉంది. మా వీధిలో ముడి వేస్తే కొస కుడికి పడుతుంది.

నాలుగు రోజుల తర్వాత అత్త షెడ్డులో మగ్గం దగ్గర తెగిన పోగులు అతుకుతుంటే చూశాను. ఆమెది ఎడమచేతి వాటం. కొస ఎడమకు పడింది.

సెట్టు తెచ్చి చూపించాను. ఆమె వెలుతురులోకి వంచి చూసి, "నాదే" అంది తేలిగ్గా. "రిపేరీ అంగడి బైరప్ప పంపించేవాడు, నీకు మూడునాలుగేండ్లప్పుడు. డబ్బాలు అంగట్లోనే పెట్టుకుని లోపలి సామాను మాత్రం పంపించేవాడు. పేరా ఊరా నాకేం తెల్సు? తాడు తెగిండేది, కట్టి పంపేదాన్ని."

"మామకు చెప్పలేదా?"

"ఏమిట్కి చెప్పేది? ఆ దుడ్లకూ ఇంగో రేడియో తెస్తాడు. బియ్యం తెచ్చుకునేదాన్ని."

మూడు వారాలు ఆ సెట్టు నా పెట్టెలో పుస్తకాల కింద ఉంది. నిద్ర సరిగా పట్టేది కాదు. మామ ఎదుట పడితే నవ్వు వచ్చేది, వెంటనే ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళ వెతుకులాట నా పెట్టెలో ఉంది, ఆయనకు తెలియదు. ఈ సుఖం ఎంతకాలమైనా సాగేదేమో. కానీ నాలుగో ఆదివారం ఆయన గుమ్మంలో ముద్ద మింగుతూ, "వస్తావేంరా, ఇత్తడి పండితుడా?" అన్నాడు.

సెట్టు తెచ్చి చేతిలో పెట్టాను. "ముడి కొస ఎటు ఉండాదో చూడు మామా. ఆ చేయి ఎవరిదో అత్తను అడుగు."

చూశాడు. అత్త వైపు చూశాడు. ఆమె ఎడమచేత్తో ముద్ద కడుతోంది.

ఎగిరి గంతేస్తాడనో, నన్ను కొడతాడనో అనుకున్నాను. ఆయన కిరినామిని నేలమీద పెట్టి, కింది అరలోని ఎనిమిదింటినీ దించి, స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు. మూడింటిలో కొస ఎడమకు ఉంది.

"ఎన్ని కట్టినావే?"

"లెక్క పెట్టుకుంటినా? ముప్పై, నలభై. నాలుగేండ్లు కడితి."

ఆయన ఆ మూడింటినీ పక్కన పెట్టాడు. ఇంట్లో ఉన్న మూడు సరే. పదిహేనేళ్ళలో బజారులో మూత విప్పి, పట్టు చూసి, నలుగురూ వినేలా "కాదు" అని గోనెపట్టా మీదకు విసిరేసినవి ఎన్నో? అది ఆయన కళ్ళల్లో కనబడింది. నేను గెలిచాను. గెలుపు ఇంత రుచి లేనిదని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కిరినామిని పై అరలో పెట్టబోయాను. చేయి అడ్డం పెట్టాడు. "అది నీది. కొన్నది నువ్వు." అని కూర్చున్నాడు. కూర్చునే తిన్నాడు. ఆ రోజు బజారుకు పోలేదు.

మరుసటి వారం వెళ్ళాడు. ఓబళప్ప ఒక ఎర్ర సెట్టు అందించి, "చెప్పన్నా, అసలా నకలా?" అన్నాడు. మామ మూత విప్పాడు. పట్టుపోగు. కొస ఎటూ పూర్తిగా వాలలేదు; ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు.  చుట్టూ ఎదురుచూస్తున్నారు.

"మా ఆడామెను పిల్చుకొస్తా, ఉండు" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. మామ ఆగలేదు. ఎప్పటి ఆ పోకతోనే ఇంటికి పోయి, అత్తను వెంటబెట్టుకు వచ్చాడు. పొయ్యి మీది పప్పు దించి వచ్చానని దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉంది. గోనెపట్టా ముందు గొంతుకూర్చుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, సెట్టును ఎండకు పట్టి చూసింది. మామ ఆమె వెనక నిలబడ్డాడు, షెడ్డు యజమాని ముందు నిలబడినట్టు.

"నాది కాదు" అంది. "ఇంత వదులుగా ఎవతె కడతాది?" పట్టా మీద ఉన్న రెండో సెట్టు కోసం ఎడమచెయ్యి చాచింది. "అది ఇట్ల ఇయ్యప్పా."