కళ్లు మూసుకుని పంపిన ప్రార్థన

ప్రార్థనకు జవాబు రాలేదని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. జవాబు మరీ తొందరగా వచ్చి, మొహం దాచుకునే చోటు వెతుక్కున్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే ఎరుగుదును. రోజూ అద్దంలో కనిపిస్తుంటాడు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి, రెండు ఊళ్లు ఇప్పటికే నవ్వేశాయి.

అప్పుడు నేను తాండూరులో బండల పాలిషింగ్ మిల్లులో సూపర్‌వైజర్ని. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి. వారమంతా ఒంటి నిండా రాతి పొడి, ఆదివారం ఒంటి నిండా భక్తి. ఆ రోజుల్లో వికారాబాద్ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి సునీత, నర్సు. మేమిద్దరం ఒకరికొకరం నచ్చాం. ఇక మాట చెప్పాల్సింది వాళ్ల నాన్న దేవదానం గారు. ఆయన అక్కడి చర్చి సంఘ పెద్ద. "ప్రార్థన చేసి ఆదివారం చెప్త" అన్నారు.

మనిషి బంగారం. చిక్కంతా ఆ ప్రార్థనతోనే. చూపుల రోజు మా ముందు పొగలు కక్కుతున్న కోడికూర పెట్టించి, ఆయన కళ్లు మూసుకున్నారు. ప్రార్థనలో ముందు ప్రపంచ దేశాలన్నీ దీవిస్తూ తిరిగారు. తర్వాత మన రాష్ట్రానికి వచ్చి, జిల్లాలో దిగి, బంట్వారం, కొడంగల్ మీదుగా మా పళ్లేల దగ్గరికి చేరేసరికి కూర మీద కొవ్వు గడ్డకట్టింది. ఆ రోజు మా అమ్మ ఆకలితో అన్న ఆమెన్‌లో ఉన్నంత భక్తి నేను ఏ ఉజ్జీవ సభలోనూ వినలేదు.

నాకూ, నా స్నేహితుడు రత్నానికీ ఒక అలవాటు ఉండేది. ఇద్దరు ఏకీభవించి ప్రార్థించాలని మా సంఘంలో నేర్పుతారు. ఇద్దరివీ వేరు వేరు డ్యూటీలు కాబట్టి మెసేజ్ యాప్‌లో ఏకీభవించేవాళ్లం. నేను గొంతు రికార్డు చేసి పంపుతాను, అతను ఆమెన్ పెడతాడు. మైకు గుర్తును నొక్కి పైకి జరిపితే తాళం పడుతుంది, వేలు తీసినా రికార్డవుతూనే ఉంటుంది. అంటే చేతులు రెండూ పైకెత్తి ప్రార్థించవచ్చు. దీన్ని కనిపెట్టినవాడు తప్పకుండా విశ్వాసే అని నా నమ్మకం.

ఆ యాప్‌కు ఇంకో గుణం కూడా ఉంది. ఎవరు చివర మాట్లాడితే వాళ్లు ఎగిరి అందరికన్నా పైన కూర్చుంటారు. నాకు ఎప్పుడూ పైన ఉండేది రత్నమే. ఆ శనివారం మధ్యాహ్నం మిల్లు వెనక్కి వెళ్లి పై పేరు నొక్కబోయాను. సరిగ్గా ఆ క్షణానికి వికారాబాద్, తాండూరు సంఘాల ఉమ్మడి ప్రార్థన గ్రూపులో ఎవరో గులాబీ బొమ్మతో శుభోదయం పంపారు. మధ్యాహ్నమే, అయినా శుభోదయమే. గ్రూపు పైకెక్కింది, రత్నం కిందికి దిగాడు. నేను చూడకుండానే నొక్కేశాను. ప్రార్థన మొదలవక ముందే సగం కళ్లు మూసుకునే భక్తుణ్ణి నేను.

"ప్రభువా, సునీతను నాకు దయచేయి. దేవదానం గారి మనసు మెత్తపరచు. అలాగే ఆయన ప్రార్థనను కూడా కొంచెం కత్తిరించు తండ్రీ. అన్నం వేడిగా ఉండగానే ఆమెన్ అనే కృప ఆయనకు అనుగ్రహించు. లేకపోతే ఆ ఇంటి అల్లుడు జన్మంతా చల్లటి కూరతోనే బతకాలి."

పంపాను. వెంటనే ఆమెన్, ఆమెన్, చేతులు జోడించిన బొమ్మలు, మళ్లీ ఆమెన్. రత్నానికి ఈ రోజు ఆత్మ బలంగా ఉందనుకున్నాను. తీరా చూస్తే అది గ్రూపు. అన్నిటికన్నా ముందున్న ఆమెన్ దేవదానం గారిదే. "ఆమెన్. చక్కని ప్రార్థన బాబూ."

మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మా గ్రూపుల పద్ధతి అంతే. ప్రార్థన వస్తే ముందు ఆమెన్ పెట్టాలి. వినడం తర్వాత, తీరిక దొరికితే.

రత్నానికి ఫోన్ చేశాను.

"ఏమన్నా, గ్రూపుల వెట్టినవేంది?"

"ఎవ్వరన్న విన్నరా?"

"వింటే ఆమెన్ పెడ్తరా? జల్ది డిలీట్ చెయ్."

మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే రెండు దారులు కనిపించాయి. ఒకటి అందరి దగ్గరా తొలగించేది, రెండోది నా ఒక్కడి దగ్గర తొలగించేది. తొందరలో వేలు రెండోదాని మీద పడింది. మెసేజ్ మాయమైంది. స్తోత్రం చెప్పుకున్నాను.

"తీసేసిన రత్నం."

"ఏడ తీసేసినవ్? నా ఫోన్ల నీ గొంతు మోగుతనే ఉన్నది."

"నాకు కనవడ్తలేదు."

"నీకు కనవడకుంటే అయిపోయిందా? నువ్వు తుడిసింది నీ ఫోన్‌ల. మిగిలినోళ్ల ఫోన్లల్ల భద్రంగ ఉన్నది."

ఇక దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. ఎవరెవరు విన్నారో చూసుకుందామన్నా చూసుకోవాల్సిన మెసేజే నా దగ్గర లేదు. అంతలో ఫోన్ మోగింది.

"బాబూ, నేను దేవదానం."

"స్తోత్రం అంకుల్."

"స్తోత్రం. నీ ప్రార్థన విన్న. ఆమెన్ పెట్టినంక విన్న."

"తప్పయింది అంకుల్."

"మా సునీత నవ్వి నవ్వి సోఫల కెల్లి కింద వడ్డది. నాకైతే నవ్వు రాలే. రెండు సంఘాల ముందట నా ఇజ్జత్ తీసినవ్. సంబంధం వద్దని చెప్దామనే ఫోన్ పట్టుకున్న."

నా గుండె మా మిల్లులోని బండకన్నా బరువెక్కింది.

"కని నేను ఆమెన్ పెట్టిన. గట్లనే కావాలె అని దేవుని ముందట ఒప్పుకున్న. గది వాపసు తీసుకునేదా? ఆమెన్ డిలీట్ అయితదా?"

"అయితది అంకుల్. జర నొక్కి పట్టుకుంటే..."

ఆ తెలివితక్కువ జవాబు తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

"నువ్వు నోరు మూసుకో తమ్మీ. పిల్లనిస్త. ప్రార్థన గూడ కత్తిరిస్త. రెండిటికీ కలిపే ఆమెన్ పెట్టిన గద."

అన్నమాట నిలబెట్టుకున్నారు. పెళ్లిరోజు భోజనాలకు అందరూ కూర్చోగానే లేచి, "ఆశీర్వదించు తండ్రీ, ఆమెన్" అని కూర్చున్నారు. జనం బిత్తరపోయారు. అందరికన్నా ఎక్కువగా వంటవాళ్లు. దేవదానం గారు ప్రార్థనకు లేచినప్పుడు బియ్యం పొయ్యి మీద పెడితే, ఆమెన్ అనేసరికి అన్నం దిగుతుందట. వికారాబాద్ వంటవాళ్లకు అదే గడియారం. వడ్డించడానికి మెతుకు లేదు.

"అన్నం ఇంక ఉడకలే సారు" అన్నాడు వంటమేస్త్రి.

మామగారు నా వైపు ప్రేమగా చూశారు. "వేడన్నం కోరినవ్ గద అల్లుడా. ఉడికేదాంక ప్రార్థన నువ్వు చెయ్యి."

పూలదండతో లేచాను. దేశాలన్నీ తిరిగాను. జిల్లాలు దాటాను. అనంతగిరి గుట్టల మీద ఉన్న చెట్టు చెట్టునూ దీవించాను. ఒక కన్ను తెరిచి వంటల వైపు చూస్తే మేస్త్రి అడ్డంగా తల ఊపుతున్నాడు. పక్క నుంచి పెళ్లికూతురు మెల్లగా అందించింది: "ఇంక కర్ణాటక మిగిలింది."

ఆ సాయంత్రమే ఆకాశాన్నీ భూమినీ సాక్షిగా పెట్టి గంభీరంగా తీర్మానించుకున్నాను. ఇకపై ఏ పెద్దమనిషి ప్రార్థన పొడవు మీదా దేవునికి ఫిర్యాదు చేయను. చేయక తప్పకపోతే ఫోనును పక్క గదిలో పెట్టి వస్తాను. కళ్లు మూసే ముందు తెర పైన ఎవరి పేరుందో రెండుసార్లు చదువుతాను. ఈ ప్రమాణానికి మీరూ ఆమెన్ అనవచ్చు, మొదటి నుంచి చదివి ఉంటే.