కొంగరాజు కాళ్లు

మా బాబాయి పోయారండి. పొద్దున్నే ఏలూరు నుంచి పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి ఎంత పిలిచినా లేవట్లేదే" అంది. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి నేను ఉంగుటూరు దాటేలోపే ఆయన బొమ్మల ఫ్యాన్స్ గ్రూపులో ఫొటోకి దండ పడిపోయింది. బతికుండగా ఆయన్ని కాల్చుకుతిన్న గ్రూపే అది.

బాబాయి స్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఒకప్పుడు ఓ పిల్లల పత్రికకి కొల్లేటి కొంగరాజు అనే వీరుడి బొమ్మల కథ గీశారు. మోకాళ్లపైకి ఎగ్గట్టిన పంచె, భుజాన బూడిదరంగు కండువా, ఒట్టి కాళ్లు, అంతే వేషం. కండువా విదిలిస్తే రెక్కలయ్యేవి.

ఎవరి బొమ్మనైనా ఆయన పాదాల దగ్గర మొదలుపెట్టేవారు. "నిలబడ్డం రానివాడికి మొహం ఎందుకమ్మా?" అనేవారు. మనిషి మంచివారే, నోరు మాత్రం మంచిది కాదు. చిన్నప్పుడు ద్వారకా తిరుమల మెట్లెక్కే జనాన్ని గీసి చూపిస్తే, "వీళ్లు ఎక్కట్లేదే, తేలుతున్నారు" అని నా కళ్లముందే పరపరా చింపేశారు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం దాకా ఆవిడ పాదాలు గీయించారు. ఈరోజు నేను పిల్లలకి బొమ్మలు నేర్పి బతుకుతున్నానంటే ఆ చింపుడు పుణ్యమే.

పాత సంచికలు ఇంటర్నెట్లోకి ఎక్కాక కొంగరాజుకి కొత్త అభిమానులు పుట్టుకొచ్చారు. వాళ్లు పెట్టిందే 'కొంగరాజుకి కొత్త డ్రెస్' పోటీ. ఒకడు నల్ల రబ్బరు సూటు తొడిగి వీపున కేపు వేలాడగట్టాడు, ఒకడు కళ్లజోడు పెట్టాడు. బూట్లు తొడగడం మాత్రం ఎవరూ మానలేదు.

"కొల్లేట్లో బూట్లా? బురదలో దిగితే బూట్లు అక్కడే ఉంటాయి, మనిషొక్కడే పైకొస్తాడు" అని బాబాయి పడీపడీ నవ్వారు. తర్వాత కొంగరాజుని మళ్లీ పాదాల నుంచి గీసి, తన పేరు చెప్పకుండా పంపమని నాకిచ్చారు.

"మీరే గీశారని చెబుతాను బాబాయ్."

"చెబితే దండం పెడతారు. నాకు దండాలెందుకమ్మా? ఆ కాళ్లు చూసి ఒక్కడు బావుందంటే చాలు."

పంపాను. 'చేపలమ్మే తాతయ్యని గీశావా?' అన్నాడొకడు. 'డ్రాయింగు ముందు నేర్చుకో' అంది ఇంకో మహాతల్లి. రబ్బరు సూటు గీసి పోటీ నెగ్గిన కుర్రాడైతే, 'ఈ బొమ్మ చూస్తే కొంగరాజుని సృష్టించిన మహానుభావుడు గుండె ఆగి చచ్చిపోతాడు' అని రాశాడు.

బాబాయి కళ్లజోడు తుడుచుకుని అది రెండోసారి చదివారు. "చూశాను కదమ్మా, ఆగలేదే" అన్నారు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "కాళ్ల గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగేవారు. లేదనే చెప్పేదాన్ని. ఆయన అడగని మొదటి పొద్దున పిన్ని ఫోన్ వచ్చింది.

అస్థికలు కొల్లేట్లోనే కలపమని ఆయన కోరిక. కొల్లేటికోట దగ్గర పిన్నీ, తమ్ముడూ, నేనూ దోనె దగ్గరికి నడుస్తుంటే ఫ్యాన్స్ వచ్చారు. నెగ్గిన కుర్రాడు తన రబ్బరు సూటులో, మోకాళ్లదాకా బూట్లతో వచ్చి, "అమ్మగారండీ, మాస్టారికి కొంగరాజు వీడ్కోలు చెప్పాలండీ" అన్నాడు. పిన్ని ఏమనగలదు? తల ఊపింది. వాడు ఠీవిగా నీళ్లలోకి అడుగేశాడు. దిగబడ్డాడు. లాగినకొద్దీ ఇంకా దిగబడ్డాడు. "అయ్యో, పట్టుకోండ్రా!" అని నలుగురూ చేతులు పట్టుకు గుంజితే మనిషి వచ్చాడు, బూట్లు రాలేదు.

తడిసి బురదకొట్టుకుపోయిన కేపు భుజాన పడేసుకుని, సూటు మోకాళ్లపైకి మడుచుకుని, ఒట్టి కాళ్లతో గట్టెక్కాడు. ఎవడో ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. మేము అస్థికలు కలిపి వచ్చేసరికి నా ఫోన్ మోగుతూనే ఉంది. 'ఆ కాళ్లు చూడండి! అసలైన కొంగరాజు ఇతనే! ఈ కొత్త డిజైన్ ముందు పాతవన్నీ దండగ!' ఆ కుర్రాడు అందరికీ పేరుపేరునా థాంక్స్ చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమంటున్నారే?" అంది పిన్ని.

"కాళ్లు బావున్నాయట పిన్నీ."

పిన్ని నా ఫోన్ వైపు చూడలేదు. నీళ్ల అంచున బూట్లు రెండూ బురదలో అలాగే నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో ఇందాక మేం వదిలిన బంతిరేకు తేలుతోంది.