గాలి తీసే ముసలాయన, గాలి కొట్టే నేను

అప్పట్లో కొత్తగా సౌదీకి వెళ్ళిన మనిషికి మొదటి జీతం కంటే ముందు అనుమానం చేతికందేది. జుబైల్‌లో మా గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. నేను దిగిన రోజే మిగతా ఏడుగురూ నన్ను మధ్యలో కూర్చోబెట్టి తలా ఒక హెచ్చరిక చేశారు. ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఎవరైనా అడిగితే చూపించు గానీ చేతికివ్వకు. దారిన పోయేవాడు బండి ఆపి ఎక్కమంటే ఎక్కకు. ఊరికే టీ తాగించేవాడి దగ్గర రెండో కప్పు తాగకు. ఎడారి వైపు మాత్రం కలలో కూడా పోకు. అలా పోయిన ఒక పెయింటరు (ఊరూ పేరూ ఎవరికీ తెలియదు, కథ మాత్రం అందరికీ తెలుసు) మూడేళ్ళు మేకలు కాసి, మేకలాగే అరవడం నేర్చుకుని తిరిగొచ్చాడట. ఇరవై మూడేళ్ళ వాణ్ణి, చెప్పినవన్నీ బుద్ధిగా ఒంటబట్టించుకున్నాను. మెస్సులో వడ్డించేవాడు పొరపాటున నాకొక ముక్క ఎక్కువ వేస్తే, వీడికి నాతో ఏం పనుందా అని ఆ ముక్కవైపు కాసేపు చూసి గానీ తినేవాణ్ణి కాదు.

ఈ విద్యలో నాకు అసలు గురువు మా చిన్నాయన. హుఫూఫ్‌లో వెల్డరు. అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి. పాల ప్యాకెట్టు మీద తారీఖు చదివి, వాసన చూసి, ఆ తర్వాత పక్కవాడికి ముందు టీ పోసి, వాడు బాగానే ఉన్నాడని తేలాక తాను తాగేవాడు. అందరూ ఆయన్ని 'డౌటు' అనేవారు. నాకు వరసకు చిన్నాయన కాబట్టి నేను 'డౌటు చిన్నాయన' అనుకునేవాణ్ణి, మనసులో మాత్రమే.

ఆ చిన్నాయనకు పెళ్ళయిన పన్నెండేళ్ళకు, ఆయన సెలవుకు ఇంటికెళ్ళి సౌదీకి తిరిగొచ్చాక, కొడుకు పుట్టాడు. పిల్లవాడికి ఏడాదిన్నర వచ్చింది గానీ ఈయన వాణ్ణి ఫోనులో తప్ప చూసింది లేదు. రెండుసార్లు సెలవు ఇచ్చినట్టే ఇచ్చి, పని తొందరగా ఉందని ఆపేశారు. మూడోసారి ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే దేశం దాటి మళ్ళీ రావడానికి అనుమతి, వచ్చింది. దమ్మాం నుంచి సాయంత్రం ఏడింటికి విమానం. అది తప్పితే సెలవు మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వచ్చే వారం పెద్ద పని మొదలవుతోందని, దొరికినవాణ్ణి దొరికినట్టు ఆపేసుకుంటారని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఆయన్ని విమానాశ్రయంలో దించే బాధ్యత నేను తీసుకున్నాను. కారణం ప్రేమ అని అప్పుడు చెప్పాను. అసలు కారణం, అంతకు పది రోజుల ముందే నేను ఒక పాత కారు కొన్నాను, దాన్ని చూపించడానికి బంధువంటూ ఉన్నది ఆయనొక్కడే.

మధ్యాహ్నం పన్నెండుకల్లా హుఫూఫ్ నుంచి బయలుదేరాం. చలికాలం, ఎండ హాయిగా ఉంది. చిన్నాయన పాసుపోర్టు ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని, బెల్టుతో పాటు దానికి కూడా ఒక ముడి వేసుకుని కూర్చున్నాడు. రోడ్డుకు రెండు వైపులా ఎర్రటి ఇసుక తిన్నెలు. ఆ ఇసుక మీద నా కారు నిలబెట్టి ఒక ఫోటో తీసి ఇంటికి పంపాలని నాకు బుద్ధి పుట్టింది. భయపడుతూనే అడిగాను. ఇసుకను నమ్మొద్దని ఆయన ఒక ఉపన్యాసం ఇస్తాడని సిద్ధంగా ఉన్నాను.

"తీసుకోరా, ఐదు నిమిషాలే గదా. ఏం తొందర," అన్నాడు చిన్నాయన.

ఆ మాట ఆయన నోట వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. జీవితంలో అనవసరమైన చోటల్లా అనుమానపడ్డ నేను, అవసరమైన ఆ ఒక్క క్షణంలో స్టీరింగు తిప్పేశాను.

ఫోటో బాగానే వచ్చింది. కారే రాలేదు. వెనక్కి తీద్దామని యాక్సిలరేటరు తొక్కితే చక్రాలు గిర్రున తిరిగి కిందికి దిగాయి. ఇంకా తొక్కితే ఇంకా దిగాయి. చేతులతో ఇసుక తోడాం, కాళ్ళ కింద వేసే మ్యాట్లు చక్రాల కింద పెట్టాం, చిన్నాయన వెనక నుంచి నెట్టాడు, నేను లోపల కూర్చుని మా ఇంటి దేవుణ్ణి తలుచుకున్నాను. ఒంటిగంట దాటింది. కారు గర్భగుడిలో విగ్రహంలా కదలకుండా కూర్చుంది. రోడ్డు మీద పోయే బండ్లు కనిపిస్తున్నాయి గానీ, ఎవరినైనా పిలుద్దామంటే మా ఇద్దరికీ సాయం చేసేవాడంటే భయం.

పిలవకుండానే ఒకాయన వచ్చాడు. పాత తెల్ల పికప్పు, వెనక నాలుగు మేకలు. (మేకలను చూడగానే నాకూ చిన్నాయనకూ ఒకేసారి ఆ పెయింటరు గుర్తొచ్చాడు.) డెబ్బై ఏళ్ళుంటాయి. సలాం చెప్పాడు. మేం చెప్పాం. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నా మొహంలోకి చూసి, చక్రాల వైపు చూసి, ఒక్క ముక్క మాట్లాడకుండా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మూత తీసి జేబులో వేసుకుని, తాళంచెవి కొనతో నొక్కి గాలి వదిలేయడం మొదలుపెట్టాడు.

ఆ 'స్‌స్‌స్' అనే చప్పుడు నాకు కొత్త కాదు. మాది ప్రొద్దుటూరు. మా నాయనది సైకిల్ షాపు. నేను పదేళ్ళప్పుడు మా హిందీ అయ్యవారి సైకిలుకు గాలి తీసేస్తే, ఆయన దాన్ని నెట్టుకుంటూ తిన్నగా మా నాయన దగ్గరికే వచ్చాడు. నాయన గాలి కొట్టి, నా మొహం ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండానే తెలుసుకుని, నెల రోజులు షాపుకొచ్చిన ప్రతి సైకిలుకూ నా చేత గాలి కొట్టించాడు. గాలి తీసేవాడి మనసులో ఏముంటుందో నాకు స్వయంగా తెలుసు. మంచివాడెవడూ చక్రంలో గాలి తీయడు. ఇది మా ఇంట్లో వేదం.

"చూస్తాండావా?" చిన్నాయన గుసగుసలాడాడు. "బండి ఇంక యాడికీ కదలకుండా చేస్తాండాడు. మూతలు గూడా జోబులో ఏసుకున్యాడు. ముందు బండి, ఆమైన మనం."

"ఏం చేద్దాం చిన్నాయనా?"

"నీ దగ్గర పంపు ఉండాదా?"

ఉంది. కారు కొన్నానని చెప్పగానే మా నాయన ఫోనులో ఇచ్చిన ఒకే ఒక్క సలహా, పంపు లేకుండా బండి బయటికి తీయొద్దని. డిక్కీలో కాలితో తొక్కే పంపు ఉంది. మేం పథకం వేసుకున్నాం. చిన్నాయన ఆ ముసలాయన్ని మాటల్లో పెట్టాలి, ఆయన ఒక్కో చక్రం దాటుకుంటూ పోతుంటే నేను వెనకాలే వచ్చి గాలి కొట్టాలి.

చిన్నాయనకు వచ్చిన అరబిక్ అంతా పనిచేసే చోట నేర్చుకున్నది. అందులో కుశలప్రశ్న ఒక్కటే ఉంది. ముసలాయన బాగున్నాడా అని అడిగాడు. ఆయన బాగున్నానన్నాడు. వాళ్ళ నాన్నగారు బాగున్నారా అని అడిగాడు. (డెబ్బై ఏళ్ళాయన తండ్రి.) ఆయన ఆకాశం చూపించాడు. మొదటి మేక బాగుందా అన్నాడు. రెండో మేక బాగుందా అన్నాడు. ఇటు నేను పంపు ఇసుకలో దిగిపోకుండా కింద మ్యాటు వేసుకుని, తలుపు చాటున వంగి, ఊపిరి బిగబట్టి తొక్కుతున్నాను. నాలుగో చక్రం గాలి తీసేసి, ముసలాయన తృప్తిగా మొదటి చక్రం దగ్గరికి వచ్చి బొటనవేలితో నొక్కి చూశాడు. రాయిలా ఉంది. వేలి వైపు చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. "సుబ్‌హానల్లా," అని మెల్లగా అనుకుని, మళ్ళీ కూర్చుని మొదటినుంచి గాలి తీయడం మొదలుపెట్టాడు.

ఆయన రెండోసారి ఒక చుట్టు తిరిగాడు. నేనూ తిరిగాను. ఈసారి రెండు చక్రాలు నింపగలిగాను, ఎందుకంటే చిన్నాయన మూడో మేక పళ్ళు చూపించమని అడిగాడు. మూడో చుట్టులో మాత్రం ముసలాయన చక్రం వైపు పోతున్నట్టే పోయి, చటుక్కున వెనక్కి తిరిగాడు. నా కాలు పంపు మీద ఉంది. చెమటతో తడిసి ఉన్నాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఏం అనాలో తెలియక, "అస్సలాము అలైకుం," అన్నాను, అప్పుడే వచ్చినవాడిలాగా.

ఆయన కోప్పడలేదు. అదే నాకు మరీ భయం వేసింది. నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లవాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు, పంపు మెల్లగా తీసుకుని తన పికప్పులో సీటు మీద పెట్టాడు. (గాలి పోయింది, మూతలు పోయాయి, ఇప్పుడు పంపు పోయింది. ఇంక మిగిలింది మేమే.) నన్ను కారు నీడలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. సీసా మూత గట్టిగానే ఉందా అని చూసుకుని తాగాను. నా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో చదివి, నా మొహం మీద ఊదాడు. నాకు పిచ్చి అని ఆయన నిశ్చయించుకున్నాడని నాకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు. ఆ తర్వాత చిన్నాయన వైపు తిరిగి, ఎంతకాలం నుంచి ఇలా ఉందన్నట్టు చేత్తో అడిగాడు. చిన్నాయన అర్థం కాక, "పదకొండేళ్ళు," అన్నాడు, తన సర్వీసు.

ముసలాయన నాలుగు చక్రాలకూ ముచ్చటగా మూడోసారి గాలి తీసి, తిన్నగా పోయి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. తాళంచెవి దానికే ఉంది. పాసుపోర్టు సంచి లోపలే ఉంది. చిన్నాయన పరుగెత్తి వెనక తలుపు తీసి లోపలికి దూకాడు. బండి కదిలింది. నిజంగానే కదిలింది. మెత్తబడిన చక్రాలు ఇసుక మీద వెడల్పుగా పరుచుకుని, మడుగులోంచి గేదె లేచొచ్చినట్టు బద్ధకంగా వెనక్కి వచ్చేసింది. నేను ఒక చెప్పు ఇసుకలో వదిలేసి, ఒక కాలి చెప్పుతో, "మా చిన్నాయన, మా చిన్నాయన," అని తెలుగులో మొత్తుకుంటూ వెనకాల పరుగెత్తాను.

కారు రోడ్డు పక్క గట్టి నేల మీద ఆగింది. ముసలాయన దిగి, జేబులోంచి నాలుగు మూతలూ తీసి నా అరచేతిలో పెట్టాడు. పికప్పు దగ్గరికి నడిచిపోయి, మేకలతో సహా దాన్ని రోడ్డు మీదికి తెచ్చి, పంపు నా కాళ్ళ దగ్గర పెట్టి, చక్రాలు చూపించి తొక్కమన్నట్టు కాలు ఆడించాడు. అంటే, ఇప్పుడు కొట్టుకో. ఇసుకలో కూరుకున్న బండికి చక్రాలు మెత్తగా ఉంటేనే పట్టు దొరుకుతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసట. సైకిల్ షాపులో పుట్టి పెరిగిన నాకు తెలియలేదు. సిగ్గుతో తల వంచుకుని నాలుగు చక్రాలూ నింపాను. అయ్యేసరికి నాలుగు దాటింది. వెళ్ళేముందు ఆయన కారు తాళంచెవి నాకివ్వలేదు. చిన్నాయన చేతిలో పెట్టి, గుప్పిట మూసి, ఈ పిల్లవాడికి బండి ఇవ్వకు అన్నట్టు తల అడ్డంగా ఊపి మరీ వెళ్ళాడు.

చిన్నాయనే నడిపాడు. మామూలుగా నలభై దాటనివాడు ఆ రోజు బాగానే తొక్కాడు. అయినా కౌంటరు మూసేస్తారేమోనని నేను నిమిషానికోసారి టైము చూసుకున్నాను. నావల్లే ఇదంతా అన్నాను. ఆయన ఒక చేత్తో ఒళ్ళోని సంచి తడిమి చూసుకున్నాడు.

"నీ వల్ల గాదులేరా," అన్నాడు. "నేనే సరే అంటి గదా. ఆ ఇసుకలో ఉన్నెంతసేపూ, విమానం పోతే పోనీలే అనిపిచ్చినాది."

"అదేంది చిన్నాయనా?"

"పిల్లోడు నా దగ్గరికి రాకపోతే?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పదకొండేళ్ళుగా పాల ప్యాకెట్టునూ తాళాన్నీ అనుమానిస్తూ వచ్చిన మనిషి, అన్నింటికంటే పెద్ద అనుమానాన్ని ఎవరికీ చెప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. నాకు చాలా బాధ కలిగింది. ఏదో ఒకటి అనాలని, "వస్తాడులే," అన్నాను. "నీకెట్లా తెల్సు," అన్నాడు వెంటనే. తెలియదని ఒప్పుకున్నాను.

కౌంటరు మూయబోతుండగా అందుకున్నాడు. లోపలికి పోతూ ఒకసారి వెనక్కి తిరిగి, కారు తాళం వేశావా అని సైగ చేశాడు.

పది రోజుల తర్వాత ఫోను చేశాడు. "మొదటి పొద్దు మీ చిన్నమ్మ కొంగెనకాల దాక్కున్యాడురా. వాని చూపు చూడాల నువ్వు. పంపు మీద కాలు పెట్టుకోని ఆ ముసలాయన్ని చూసినావే, అచ్చం అదే చూపు. నేను చెయ్యి చాపితే, పోయి ఫోను తెచ్చి చూపిచ్చినాడు. నాయన ఇందులో ఉండాడంట. నువ్వెవరని నన్నే అడిగినట్టు."

"మరి నువ్వేం చేసినావు?"

"ఏం జేస్తా. కోప్పడలా. దూరంగా కింద కూచున్యా. పిలుచ్చా, వాడు పారిపోతాడు. మళ్ళా మొదటినుంచి పిలుచ్చా. ఆ ముసలాయన మూడు సుట్లు తిరిగినాడు గదా, ఒక్క మాట గూడా అనకుండా. నేను పది దినాలు తిరిగినా. ఈ పొద్దు వచ్చి ఒళ్ళో కూచున్యాడు. ఇంకా అనుమానంగానే చూస్తాండాడు. కానీ లేచి పోలేదు."

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. ఒంటికాలి చెప్పుతో ఇసుకలో పరుగెత్తిన ఆ ఇరవై మూడేళ్ళవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒక్క విషయంలో మాత్రం వాణ్ణి ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఆ ముసలాయన పేరు అడగలేదు వాడు. నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన తిరిగి నా పేరు అడుగుతాడేమోనని ఊరుకున్నాను.